గుర్రమెక్కి ఊరూరు తిరిగిన నర్సమ్మ

నర్సింగ్ చదువుతున్న అంటే ఊర్లె మనోళ్లు ఏమంటరో నాకు ఎరుకే. సూదులేస్తవా, కట్లు కడ్తవా అని అడుగుతరు. దాని మీద ఇంకా పెద్ద చదువు ఉన్నదని, ఆ చదువుతోని ఒక నర్సు కాన్పు మొత్తం తన చేతుల మీద జరిపించొచ్చని, ఒక సంస్థనే నడిపించొచ్చని చాలామందికి తెల్వదు. అందుకే మేరీ బ్రెకిన్‌రిడ్జ్ ముచ్చట చెప్తున్న.

ఈమె 1881ల అమెరికాల మెంఫిస్ పట్నంల పుట్టింది. బాగా ఉన్నోళ్ల ఇల్లు. తాత ఆ దేశానికి ఉపాధ్యక్షుడిగ చేసిండు, తండ్రి రష్యాల అమెరికా రాయబారిగ ఉన్నడు. అసొంటి ఇంటి ఆడపిల్ల కొలువు చెయ్యాల్నని ఎవరూ అనుకోరు. 1904ల పెండ్లయితే, రెండేండ్లకే భర్త చనిపోయిండు. అటెన్క న్యూయార్క్‌ల నర్సింగ్‌ల చేరి 1910ల పూర్తి చేసింది. 1912ల మళ్ల పెండ్లి చేసుకున్నది. 1916ల పుట్టిన బిడ్డ కొన్ని గంటలే బతికింది. కొడుకు 1918ల, నాలుగేండ్లకే పోయిండు. ఆ పెండ్లి గూడ నిలవలే.

ఇంత దెబ్బ తిన్నంక మిగిలిన బతుకు పసిపిల్లల కోసమే అనుకున్నది. మొదటి ప్రపంచ యుద్ధంతోని పాడైన ఫ్రాన్స్‌కు పోయి తల్లీపిల్లలకు పనిచేసింది. అక్కడ ఇంగ్లండ్ నర్సులను చూసింది. వాళ్లకు నర్సింగ్ వచ్చు, మంత్రసాని చదువూ వచ్చు. ఈ రెండు ఒక్క మనిషి చేతిల ఉంటే డాక్టర్ లేని ఊర్లె ఎంత పనైతదో ఆమెకు అక్కడ్నే సమజైంది. అప్పటికి అమెరికాల అసొంటి నర్సులు లేనట్టే లెక్క.

నాకు ఈమెల బాగ నచ్చింది ఇదే: మంచి మనసు ఉంటే చాలనుకోలే. కొలంబియాల టీచర్స్ కాలేజీకి పోయి ప్రజారోగ్యం చదివింది. 1923ల గుర్రమెక్కి కెంటకీ కొండలల్ల తిరిగి, అక్కడి మంత్రసానులను కలిసి, కాన్పులు ఎట్ల జరుగుతున్నయో రాసుకున్నది. నలభై దాటినంక లండన్ పోయి మంత్రసాని చదువు చదివి సర్టిఫికెట్ తెచ్చుకున్నది. స్కాట్లండ్ పోయి, దూరం దూరం ఉన్న ఇండ్లకు నర్సులను ఎట్ల పంపుతున్నరో చూసొచ్చింది.

ఇవన్ని అయినంకనే 1925ల కెంటకీల లెస్లీ కౌంటీల పని మొదలువెట్టింది. సడక్‌లు లేవు, వాగులు దాటాలె. నర్సులు సామాను సంచులు జీను మీద ఏసుకొని గుర్రాల మీద పోయేది. దాదాపు 700 చదరపు మైళ్ల జాగల అక్కడక్కడ చిన్న కేంద్రాలు కట్టిచ్చింది. 1928ల హైడెన్‌ల దవాఖాన తెరిచిన్రు. అదే ఏడు ఆ సంస్థకు ఫ్రాంటియర్ నర్సింగ్ సర్వీస్ అనే పేరొచ్చింది. పైసలు లేనోళ్లు ఇంట్ల ఉన్నదేదో ఇచ్చేది, లేకుంటే పని చేసి పెట్టేది.

డాక్టర్లు కూసొని నర్సులకు రాతపూర్వకంగ నియమాలు తయారు చేసిన్రు. ఏది తానే చెయ్యొచ్చు, ఎప్పుడు డాక్టర్‌ను పిలవాలె అనేది నర్సుకు సాఫ్‌గ తెలుసు. ప్రతి కాన్పు లెక్క రాసిపెట్టిన్రు. మొదటి 1000 కాన్పుల లెక్కలను మెట్రోపాలిటన్ లైఫ్ బీమా కంపెనీ చూసింది. నేరుగ కాన్పు వల్ల ఒక్క తల్లి గూడ చనిపోలే. నాయకత్వం అంటే నాకు ఇదే అనిపిస్తది: చదువు, అధికారం, లెక్క మూడు ఒక్కకాడ ఉండుడు.

1939ల రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. ఇంగ్లండ్ నుంచి వచ్చిన నర్సులు చాలామంది వాపస్ పోయిన్రు. కొత్తోళ్లను సదువుకోనీకి అటు పంపుదామంటే తొవ్వ లేదు. అప్పుడు తన కాడనే, నర్సింగ్ అయినోళ్లకు మంత్రసాని చదువు చెప్పే బడి తెరిచింది. అదే ఇయ్యాల ఫ్రాంటియర్ నర్సింగ్ యూనివర్సిటీ. 1965ల ఆమె హైడెన్‌లనే కన్నుమూసింది.

ఒక మాట దాచిపెడితే నేను సగం కథే చెప్పినట్టు. ఈమెకు జాతి వివక్ష ఉండె. నల్లజాతి నర్సులను తన సంస్థల పెట్టుకోలే. పేదోళ్ల గుడిసెల దాక గుర్రమెక్కి పోయిన మనిషే ఇంకొకరికి తలుపు మూసింది. కులం సూసి మనిషిని అంచనా కట్టే ఊర్లల్ల పెరిగిన మనకు ఇది కొత్తగాదు. ఆమె పని తీసుకుందాం, ఆ బుద్ధిని అక్కడ్నే ఇడిసిపెడ్దాం.

మన కాడ గూడ ఈ తొవ్వ పడ్డది. తెలంగాణల 2017ల కరీంనగర్‌ల నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలైంది. 2018ల కేంద్రం దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. ఐసీయూ పనికోసం రెండేండ్ల నర్స్ ప్రాక్టీషనర్ పీజీ గూడ ఉన్నది. కాని చదువు ఒక్కటి ఇస్తే సరిపోదు. మా చుట్టాలల్ల ఒక అక్క ఎమ్మెస్సీ నర్సింగ్ చేసింది. ఆమె పనిచేసే దవాఖానల పాత డ్యూటీనే, పాత జీతమే. చదివిన చదువుకు పోస్టు, ఆ పోస్టుకు అధికారం రాసిచ్చినప్పుడే లాభం.

చెల్లె, తమ్ముడు, నర్సింగ్ సీటు వస్తే డిగ్రీ కాడనే ఆగకున్రి. మీదికి ఏం చదువు ఉన్నదో అడుగున్రి. ఆ చదువైనోళ్లకు మన ఏరియా దవాఖానల కుర్చీ ఏదని ఎమ్మెల్యేను, కలెక్టర్‌ను గూడ అడుగున్రి.