శిష్యుడుగా వెళ్లి ఆచార్యుడైన ద్వారంవారు

ఫిడేలు పడమటి దేశాలనుండి వచ్చిన వాద్యం. బాలుస్వామి దీక్షితులవంటి విద్వాంసుల కృషివలన పందొమ్మిదవ శతాబ్దంలో అది కర్ణాటక సంగీతానికి సొంతమైంది. ఆంధ్రదేశంలో ఆ వాద్యం పేరు ఇంటిపేరయినంతగా ప్రసిద్ధి పొందినవారు ద్వారం వేంకటస్వామి నాయుడుగారు. ప్రజలకాయన ఫిడేలు నాయుడుగారే.

ఆయన 1893 నవంబరు 8వ తేదీన బెంగుళూరులో జన్మించి, విశాఖపట్టణంలో పెరిగారు. చిన్ననాటనే చూపు మందగించినందున బడిచదువు ఎంతోకాలం సాగలేదు. అక్షరాలకు అందని కన్నులున్నవానికి చెవియే దారి చూపవలసి వచ్చింది. అన్నగారైన వేంకటకృష్ణయ్యగారు ఫిడేలు పట్టుకొనుట నేర్పి తొలిపాఠాలు చెప్పారు. అటుపిమ్మట చాలవరకు స్వయంకృషియే.

ఈ వాద్యాన్ని ఇంటిలో కూర్చుండి సాధించుట సామాన్యం కాదు. వీణకు మెట్లున్నవి, వ్రేలు ఎక్కడ నొక్కవలెనో అవి చూపుతవి. ఫిడేలుకు అట్టి ఆధారం లేదు. వ్రేలు వెంట్రుకవాసి జరిగినా స్వరం తప్పుతుంది. కమాను ఒత్తిడి కొంచెం మారినా నాదం కర్కశమవుతుంది. తన తప్పు తనకే వినబడవలె. వినబడని తప్పు అలవాటుగా స్థిరపడుతుంది. స్వయంగా నేర్చినవారందరికీ ఉండే భయమిదే.

1919లో విజయరామ గజపతి మహారాజావారు విజయనగరంలో సంగీత కళాశాల నెలకొల్పారు. హరికథా పితామహులైన ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులు. అప్పటికి నాయుడుగారికి 25 ఏళ్లు నిండినవి. ఫిడేలు చేతికి వచ్చినదని తృప్తిపడి ఇంటివద్ద ఉండిపోదగిన వయస్సే. అయినను క్రమపద్ధతిలో విద్య నేర్వవలెనని, విద్యార్థిగా చేరుటకు విజయనగరం వెళ్లారు.

దాసుగారు ఆయన వాద్యం విన్నారు. ఇట్టివానిని విద్యార్థుల వరుసలో కూర్చుండబెట్టుట తగదని తలచి, ఫిడేలు ఆచార్యునిగానే నియమించారు. అడిగినది విద్యార్థి స్థానం, లభించినది గురుపీఠం.

ఈ వృత్తాంతం విని గురువు అవసరం లేదనుకొనుట పొరపాటు. నాయుడుగారి సాధనలోని తప్పొప్పులను తేల్చగల చెవి ఒకటి కావలసివచ్చింది. ఆ చెవి దాసుగారిది. పదవి వచ్చినంతమాత్రాన నాయుడుగారి అభ్యాసం ఆగిపోలేదు. పాశ్చాత్య విద్వాంసుల వాదనాన్నికూడ శ్రద్ధగా విని, కమాను నడపుటలోని మెలకువలను గ్రహించి, మన గమకాల సొగసు చెడకుండ వాటిని వినియోగించుకొన్నారు.

1936లో ఆయనే ఆ కళాశాలకు అధ్యక్షులయ్యారు. గాయకునికి ప్రక్కవాద్యంగా ఉండిన ఫిడేలును కచేరీలో ప్రధానస్థానానికి తెచ్చి, 1938లో వేలూరులో వాయించారు. 1941లో సంగీత కళానిధి బిరుదు, 1957లో పద్మశ్రీ ఆయనను వరించినవి. 1952లో ప్రపంచప్రసిద్ధ ఫిడేలు విద్వాంసుడు యెహుది మెనూహిన్ మదరాసులో జస్టిస్ పి.వి. రాజమన్నారుగారి ఇంట ఆయన వాద్యం విని ఆనందించాడు. ఏ దేశపు వాద్యమో ఆ దేశాల విద్వాంసుడే మెచ్చుట విశేషం.

ఆయన అధ్యక్షతలో ఉండగనే ఘంటసాల వేంకటేశ్వరరావుగారు చదువుకై ఆ కళాశాలకు వచ్చారు. పట్రాయని సీతారామశాస్త్రిగారు ఆయనకు గురువులైనారు. ఒకనాడు తానుకూడ విద్యకోసమే ఆ వాకిట నిలిచినవారు గనుక, అట్టి విద్యార్థుల ఆర్తి నాయుడుగారికి తెలియనిది కాదు.

1964 నవంబరు 25వ తేదీన ఆయన పరమపదించారు. ఎంత నేర్చినా మరొకసారి విద్యార్థిగా నిలుచుటకు సంకోచింపని ఆ వినయం బడిపిల్లలకే గాక బడిపంతుళ్లకు సైతం అనుసరణీయం.