సంశయించిన భక్తుడు - కందుకూరి వీరేశలింగము పంతులుగారు

వీరేశలింగము పంతులుగారు దేవుడు లేడన్నవారని దూషించినవారు వారి జీవితకాలమున పెక్కురు గలరు. అట్లే తలచి మెచ్చుకొనువారు తరువాతి కాలమున కొందరు బయలుదేరిరి. ఇరుతెగలవారును పొరపడిరి. ప్రార్థనను జీవితాంతము విడువని ఆ మహనీయుని చరిత్రము పరిశీలించినచో, సంశయము భక్తికి శత్రువో మిత్రమో ఎవరికి వారే నిర్ణయించుకొనవచ్చును.

పంతులుగారు 1848వ సంవత్సరము ఏప్రిల్ 16వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. తండ్రి సుబ్బరాయుడుగారు, తల్లి పున్నమ్మగారు. ఆరుమాసముల పసికందునకు మశూచికము సోకెను. నాలుగవయేట తండ్రి గతించెను. పెదతండ్రి వెంకటరత్నముగారు పెంచి పెద్దవానిని చేసిరి. వీధిబడిలో బాలరామాయణము, అమరము, శతకములు వల్లెవేసి, పన్నెండవయేట ఇంగ్లీషు బడిలో చేరిరి. శరీరము దుర్బలము, బుద్ధి మాత్రము ఏ మాటనైనను అడిగి చూచినగాని అంగీకరింపనిది.

చదువుకొనుచున్న దినములలోనే కేశవచంద్రసేనుని గ్రంథములు వారి చేతబడెను. వానిని చదివినపిదప విగ్రహారాధనమునందు వారికి నమ్మకము సడలెను. అయితే అంతటితో ఈశ్వరునియందు కూడ నమ్మకము తొలగిపోలేదు సరికదా, ప్రార్థనయందు ఆసక్తి మరింత దృఢపడెను. చిట్టాలో తప్పు కనబడినంతమాత్రమున ఖాతాదారుడే లేడనుట లెక్క తెలిసినవాడు చేయు పని గాదు. పంతులుగారు తప్పు దిద్దబూనిరేగాని పుస్తకమును తగులబెట్టలేదు.

దయ్యములు లేవని నోటితో చెప్పి ఊరకుండువారు కలరు. పంతులుగారు జనుల భయము పోగొట్టుటకై అర్ధరాత్రమున శ్మశానమునకు పోవుచుండెడివారు. జీవనోపాధి విషయమునను ఇదే పరీక్ష. సర్కారు ఉద్యోగము లంచమీయనిదే రాదని తెలిసి ఆ ప్రయత్నము మానిరి. వకీలు పనికి అబద్ధము తప్పదని తోచి దానిని కూడ విడిచిరి. కోరంగిలో ఉపాధ్యాయులై, అటుపిమ్మట ధవళేశ్వరమున ప్రధానోపాధ్యాయులైరి. 1874లో వివేకవర్ధని పత్రికను ప్రారంభించిరి. 1878లో ఆ పత్రికలో వెలువడిన రాజశేఖర చరిత్రమున, జ్యోతిష్కులను, బంగారము చేయుదునన్న బైరాగిని నమ్మి ధవళేశ్వరపు గృహస్థుడొకడు సర్వము పోగొట్టుకొనును. ఆ కథలో రాజశేఖరుని దోషము దైవభక్తి గాదు, అడుగకుండ నమ్ముట. పల్లెటూళ్లలో ఆ పుస్తకము చదివి ఎందరు తమ యింటి బైరాగులను గుర్తుపట్టిరో!

ఆ 1878వ సంవత్సరముననే రాజమహేంద్రవరమున ప్రార్థనసమాజము వెలసెను. ఒకవైపున భూతవైద్యమును హేళన చేయుచు, మరియొకవైపున పదిమందిని కూర్చుకొని ఏకేశ్వరుని ప్రార్థించుట చూచి ఊరివారికి ఏమియు అర్థము గాకుండెను. పూజారికి వీరు నాస్తికులు. నాస్తికునకు వీరు భక్తులు.

అన్నింటికంటె కఠినపరీక్ష వితంతు వివాహ విషయమున వచ్చెను. పసితనముననే మగనిని పోగొట్టుకొన్న బాలిక జన్మమంతయు మూల కూర్చుండవలెననుట ధర్మమా యన్న ప్రశ్న వారిని వదలలేదు. వితంతువుల పునర్వివాహము న్యాయసమ్మతమని 1856లోనే చట్టము వచ్చియుండెను. చట్టము కాగితముమీదనే యుండెను. 1879లో పంతులుగారు ఈ విషయమై రాజమహేంద్రవరమున ఉపన్యసించిరి. శాస్త్రములను త్రోసిపుచ్చుట సులభమైన మార్గము. వారు దానిని పట్టలేదు. ఈశ్వరచంద్ర విద్యాసాగరుని వలెనే పరాశరస్మృతిని ముందుంచి, శాస్త్రమునే సాక్షిగా నిలిపి అడిగిరి. పండితులు ఖండించిరి. వీరు మరల సమాధానములు వ్రాసిరి.

1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీ రాత్రి పంతులుగారి యింట గోగులపాటి శ్రీరాములుగారికిని, బాలవితంతువైన గౌరమ్మగారికిని వివాహము జరిగెను. విద్యార్థులు కాపలా నిలిచిరి. ఊరు ఊరంతయు కోపముతో ఉడికిపోయెను. వెలివేతలు ఆరంభమయ్యెను. వంటవారు మానిరి, నీళ్లు మోయువారు మానిరి. ఆ కష్టకాలమున గోదావరినుండి నీళ్లు మోసి, వచ్చినవారందరికి వండి వడ్డించినది పంతులుగారి సహధర్మచారిణి రాజ్యలక్ష్మమ్మగారు. బాల్యముననే కాపురమునకు వచ్చిన ఆమె, పాతయాచారముల నడుమ పెరిగినది. భర్త పుస్తకములు చదివి విడిచిన నమ్మకములను ఆమె ఏ వాదముచే విడిచెనో గాని, చేతితో చేసి చూపిన పని మాత్రము ఏ పండితుని ఖండనకును లోబడలేదు. పంతులుగారి ప్రశ్నలను గూర్చి వ్రాయువారు ఆ నీటిబిందెను మరచుట అన్యాయము.

తరువాతి కాలమున సుమారు 40 వితంతు వివాహములను పంతులుగారు జరిపించిరి. 1887లో బ్రహ్మమందిరము నిర్మించిరి.

ఈ అడుగు స్వభావము సాహిత్యమునను మానలేదు. ఆంధ్రకవుల చరిత్రము వ్రాయునప్పుడు, ఫలానా కవికి దేవత ప్రత్యక్షమయ్యెనన్న కథను ఎత్తి ప్రక్కనబెట్టి, అతడు ఏ రాజు కాలమువాడు, ఏ గ్రంథమున ఎవరిని పేర్కొనెను అని విచారించిరి. కొన్ని నిర్ణయములు తరువాతి పరిశోధకులచే మారినవి. అది సహజము.

పరులను ప్రశ్నించువాడు తన్ను ప్రశ్నించుకొనుట అరుదు. ఏకేశ్వరుని యెదుట మనుష్యులందరు సమానులని దశాబ్దములుగా బోధించుచు, తన భుజముమీద మాత్రము కులచిహ్నమైన జందెమును ధరించుట పంతులుగారికే సమ్మతము గాకపోయెను. వార్ధక్యమున దానిని తీసివేసిరి. హితకారిణీ సమాజమును స్థాపించి తమ ఆస్తిని దానికి ఒప్పగించిరి. 1910లో రాజ్యలక్ష్మమ్మగారు పరమపదించిరి. సంతానము లేదు. ఇల్లు శూన్యమయ్యెను, పని మాత్రము ఆగలేదు.

చిన్నయసూరి విడిచిన సంధి విగ్రహములను గ్రాంథికమున వ్రాసి గద్యతిక్కన యనిపించుకొన్న ఆ చేయి, చివరకు తన భాషను కూడ విచారణకు నిలిపెను. 1919లో వ్యావహారిక భాషాప్రవర్తనమునకై ఏర్పడిన సమాజమునకు పంతులుగారు అధ్యక్షులైరి. అప్పటికి వారికి డెబ్బదియేండ్లు. కొలది మాసములకే, ఆ 1919వ సంవత్సరము మే 27వ తేదీన, మదరాసునందు కన్నుమూసిరి.