ఆచార్య రంగనాథన్ గణితానురాగము

గ్రంథాలయ శాస్త్రప్రవర్తకులైన శియాళి రామామృత రంగనాథన్ 1892లో తంజావూరు మండలమున జన్మించిరి. మదరాసు క్రైస్తవ కళాశాలలో గణితము నభ్యసించి, 1917 నుండి మంగళూరు, కోయంబత్తూరు, మదరాసు ప్రభుత్వ కళాశాలలలో ఆ శాస్త్రమునే బోధించిరి. 1924లో మదరాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారులైరి. శిష్యులు లేని ఆ ఏకాంతము వారికి దుస్సహమయ్యెను. కొలది దినములకే పూర్వపదవికి మరలగోరిరి. లండనులో శిక్షణము పొందిన పిమ్మటనే ఆ కోరిక శమించెను.

అయినను గణితము వారిని వీడలేదు. 1931లో వెలువరించిన పంచసూత్రములందును, 1933 నాటి ద్విబిందు వర్గీకరణమందును, స్వల్పసూత్రముల నుండి సమస్తమును నిష్పన్నము చేయు గణితజ్ఞుని దృష్టియే గోచరించును. వైయాకరణులకు ఈ లాఘవము సుపరిచితమే.

వృత్తికి వెలుపల వారి మక్కువ శ్రీనివాస రామానుజన్ జీవితముపై నుండెను. రామానుజన్ 1920లోనే దివంగతులైరి. ఆయన నెరిగినవారి జ్ఞాపకములను సేకరించి, 1967లో, డెబ్బదియైదవ యేట, రంగనాథన్ ఆ మహనీయుని చరిత్రను ఆంగ్లమున ప్రకటించిరి. కాలగర్భమున కలసిపోవలసిన స్మృతులెన్నియో అందు నిలిచినవి.

1972లో వారు బెంగుళూరున పరమపదించిరి. గ్రంథాలయ శాస్త్రమున వారి కృషిని పరిశీలించువారు ఈ గణితానురాగమును గూడ గణింపవలసియున్నది.