పాల్ ఎర్లిక్ – మెదడుకు ఎక్కని రంగు

ముప్ఫై ఏళ్ళకు పైగా సర్కారు కచేరీలో ఫైళ్ళు తిప్పిన నాకు వైద్యశాస్త్రం తెలియదు. అయినా ఈ మహనీయుని జీవితం శ్రద్ధగా చదివాను. కారణం ముందు చెబుతాను.

పాల్ ఎర్లిక్ 1854 మార్చి 14న, అప్పటి ప్రష్యా రాజ్యంలోని స్ట్రేలెన్‌లో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. ఆ ఊరు ఇప్పుడు పోలండులో ఉంది. బంధువైన కార్ల్ వైగర్ట్ వల్ల విద్యార్థి దశలోనే ఆయనకు రంగుల పిచ్చి పట్టింది. ఏ రంగు శరీరంలో ఏ కణానికి అంటుకుంటుందో చూడటమే ధ్యాస. 1878లో పట్టా పొంది బెర్లిన్ షారిటే ఆసుపత్రిలో చేరారు.

అక్కడ ఉండగా జంతువుల రక్తంలోకి కొన్ని రంగులు ఎక్కించి చూశారు. ఒళ్ళంతా రంగు పట్టింది గాని, మెదడుకు మాత్రం పట్టలేదు. 1885లో ఆ సంగతి ప్రచురించారు. ఆ రంగును పట్టుకునే గుణం మెదడుకు లేదని ఆయన అభిప్రాయం. 1913లో ఆయన శిష్యుడు ఎడ్విన్ గోల్డ్‌మన్ ట్రైపాన్ బ్లూ అనే రంగును మెదడు, వెన్నుపాముల చుట్టూ ఉండే ద్రవంలోకి ఎక్కించగా మెదడు నీలమైంది, మిగతా శరీరం కాలేదు. అంటే మెదడుకు రంగు పడుతుంది. రక్తానికీ మెదడుకూ నడుమ అడ్డు ఉందన్నమాట. గురువుగారి లెక్క తప్పింది. అసలు ఆ లెక్కే వేయకపోతే సరిదిద్దేదెవరు?

మెదడులోని సన్నని రక్తనాళాల గోడ కణాలు సందు లేకుండా అతుక్కుని ఉంటాయి. దూరిన మందుల్లో చాలావాటిని తిరిగి రక్తంలోకే నెట్టేస్తాయి.

మా తమ్ముడికి మెదడులో గడ్డ అని తేలినప్పుడు, మందులెన్ని ఉన్నా గడ్డ దాకా చేరేవి కొన్నేనని డాక్టరు గారు చెప్పారు. నరంలోకి ఎక్కించిన మందు తలకు చేరకపోవడమేమిటని నేనూ మా మరదలూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. తమ్ముడు దక్కలేదు. ఆ తరువాతే ఎర్లిక్ గురించి చదివాను.

1908లో ఆయనకు మెచ్నికోవ్‌తో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. మరుసటి ఏడు జపాను శాస్త్రజ్ఞుడు హటాతో కలిసి సిఫిలిస్‌కు 606 నంబరు మందు కనుగొన్నారు. 1910లో అది సాల్వర్సాన్ పేరుతో వచ్చింది. వ్యాధి మెదడుకు పాకినవారికి మాత్రం అది అంతగా పనిచేయలేదు. అదే అడ్డు! చుట్టలు విపరీతంగా కాల్చే ఎర్లిక్ 1915 ఆగస్టు 20న కన్నుమూశారు.

నేడు టెమోజోలోమైడ్ వంటి చిన్న అణువుల మందు కొంత లోపలికి పోతుంది. గడ్డ తీసిన చోటనే మందు బిళ్ళలు పెట్టే పద్ధతికి 1996లో అమెరికాలో అనుమతి వచ్చింది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్‌ను, క్యాన్సరు మెదడు పొరలకు పాకినప్పుడు వెన్నులో సూది ద్వారా ఇస్తారు. గోల్డ్‌మన్ రంగు ఎక్కించినది ఆ ద్రవంలోకే.