బాణాలకు చావని సెబాస్టియన్

స్తంభానికి కట్టేసిన యువకుడు, ఒంటినిండా గుచ్చుకున్న బాణాలు, ఆకాశం వైపు ఎత్తిన కళ్లు. ఈ బొమ్మ ఎక్కడ కనిపించినా అది పునీత సెబాస్టియన్‌దని విశ్వాసులు ఇట్టే గుర్తుపడతారు. ఆ బాణాలే ఆయన ప్రాణం తీశాయని కూడా అనుకుంటారు. కానీ ఆయన బాణాలకు చావలేదు.

చరిత్రకు తెలిసింది కొద్దిగానే. 354 నాటి రోమా హతసాక్షుల పట్టికలో జనవరి 20వ తేదీ కింద ఆయన పేరుంది. రోము నగరం వెలుపల అప్పియా మార్గం పక్కన, భూగర్భ సమాధుల్లో ఆయనను పాతిపెట్టారు. ఆయన మా ఊరివాడేనని మిలాను బిషప్ అంబ్రోసు రాసుకున్నాడు. మిగిలినదంతా అయిదో శతాబ్దంలో రాసిన గాథ.

ఆ గాథ ప్రకారం సెబాస్టియన్ డయోక్లీషియన్ చక్రవర్తి అంగరక్షక దళంలో అధికారి. రహస్యంగా క్రైస్తవుడు. చెరసాలలో ఉన్న విశ్వాసులను కలుసుకోవడానికి ఆ సైనిక దుస్తులు ఆయనకు పనికొచ్చాయి. మార్కస్, మార్సెలియాను అనే కవల సోదరులకు మరణశిక్ష పడినప్పుడు తల్లిదండ్రులు, భార్యలు పసిబిడ్డలతో వచ్చి విశ్వాసం వదులుకోమని ఏడ్చారు. అన్నదమ్ముల మనసు కరిగిపోతున్న వేళ సెబాస్టియన్ ముందుకొచ్చి వారిని నిలబెట్టాడు. దాంతో ఆయన రహస్యమూ కొన్నాళ్లకు బయటపడింది. తన ఉప్పు తిన్నవాడే తనకు ద్రోహం చేశాడని చక్రవర్తి మండిపడి విలుకాండ్రకు అప్పగించాడు. వారు ముళ్లపందిలా కనిపించేంతగా బాణాలు దించి, చచ్చాడనుకుని వెళ్లిపోయారు.

రాత్రివేళ ఐరీన్ అనే విధవరాలు శవాన్ని సమాధి చేద్దామని వచ్చింది. ఆమె భర్త కూడా హతసాక్షే. చూస్తే ఊపిరి ఆడుతోంది! ఇంటికి చేర్చి, గాయాలు కట్టి బతికించింది. కోలుకున్నాక రోము విడిచి పొమ్మని విశ్వాసులు బతిమాలారు. వెళ్లిపోయి ఉంటే ఆయనను పిరికివాడని ఎవరూ అనేవారు కారు. ఒకసారి చావు చూసి వచ్చినవాడు మళ్లీ దాని దగ్గరికే నడవడం మొదటిసారి కంటే కష్టమని నాకనిపిస్తుంది, ఎందుకంటే ఆ నొప్పి ఎలా ఉంటుందో ఇప్పుడు తెలుసు. సెబాస్టియన్ వెళ్లలేదు. చక్రవర్తి వచ్చే దారిలో మెట్ల మీద నిలబడి, రాజ్యం క్షేమం కోసం ప్రార్థించే క్రైస్తవులను ఎందుకు హింసిస్తున్నావని ముఖాన్నే నిలదీశాడు. ఈసారి దుడ్డుకర్రలతో కొట్టి చంపించారు. విశ్వాసులకు శవం కూడా దక్కకూడదని మురికికాల్వలో పడేశారు. లూసీనా అనే స్త్రీ దానిని వెలికి తీయించి సమాధి చేయించింది.

మరి బొమ్మల్లో బాణాలే ఎందుకు మిగిలాయి? తెగులు వల్ల. బాణం ఎటునుంచి వచ్చి తగులుతుందో తెలియదు, మహమ్మారీ అంతే. 91వ కీర్తనలో ఆ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. 680లో ఇటలీలోని పావియా ఊళ్లో తెగులు ప్రబలితే, సెబాస్టియన్ పేర బలిపీఠం కట్టాకే తగ్గిందని ప్రజలు నమ్మారు. ఆ కాలంలోనే రోములో వేసిన మొజాయిక్ చిత్రంలో ఆయన నిండుగా బట్టలు కట్టుకున్న గడ్డం మనిషి! 1348 నాటి మహామారి తర్వాత బాణాల సెబాస్టియన్ ఊరూరా వెలిశాడు. 1475లో ఫ్లోరెన్సులో పొల్లాయువోలో సోదరులు గీసిన చిత్రంలో ఆరుగురు విలుకాండ్రున్నారు. ఇద్దరు నడుం వంచి విల్లు ఎక్కుపెట్టుకునే పనిలో మునిగిపోయారు, అదేదో రోజువారీ కూలిపని అయినట్టు. బొత్తిచెల్లి, మాంతేన్యా, అంతోనెల్లో కూడా అదే ఘట్టం గీశారు. గ్రీకు శిల్పాల్లాంటి దేహాన్ని చిత్రించాలన్న ముచ్చట కూడా వారికి ఉండకపోలేదు.

రెండో మరణాన్ని గీసినవారు తక్కువ. వెనిస్‌లో సెబాస్టియన్ పేరిట ఉన్న దేవాలయం గోడలపై 1558లో వెరోనేస్ ఆ పని చేశాడు: చక్రవర్తిని నిలదీస్తున్న సెబాస్టియన్, తర్వాత దుడ్డుకర్రల కింద సెబాస్టియన్. 1588లో వెరోనేస్ చనిపోయినప్పుడు ఆయనను సమాధి చేసింది కూడా అదే దేవాలయంలో.