జోడీ కుదిరితే.. బొమ్మ కదిలింది!

మీ హాస్టల్ గదిలో మంచం కింద ఒక డబ్బా ఉందా? అందులో ఒక ఆర్డుయినో బోర్డు, రెండు సర్వో మోటార్లు, ఒక కీప్యాడ్, సగం సోల్డరింగ్ చేసి వదిలేసిన సర్క్యూట్! ప్లాస్టిక్ గుళ్ల తుపాకులతో ఆడే ఎయిర్‌సాఫ్ట్ ఆట కోసం కోడ్ నొక్కితే ఆగిపోయే టైమర్ పెట్టె చేద్దామనుకుని మొదలుపెట్టి ఉంటారు. మీకు కోడింగ్ వచ్చు, వైరింగ్ రాదు. వైరింగ్ వచ్చిన వాడు ఎక్కడున్నాడో తెలీదు. సెమిస్టర్ పరీక్షలొచ్చాయి, డబ్బా మంచం కిందికి వెళ్లిపోయింది.

ఇలాంటి ఆట వస్తువులనే జీవితమంతా చేస్తూ, వాటికి జోడీలను సంపాదించుకున్న ఒకాయన కథ ఇది. ఈసీఈ వాళ్లకు ఆయన పేరు బాగా తెలుసు. గేట్ సిలబస్‌లో ఛానల్ కెపాసిటీ సూత్రం చదివారు కదా, అది ఆయనదే. పేరు క్లాడ్ షానన్.

ముళ్ల కంచెపై టెలిగ్రాఫ్

షానన్ 1916లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో పుట్టారు. పెరిగింది గేలార్డ్ అనే చిన్న ఊళ్లో. నాన్న జడ్జి, అమ్మ టీచర్. కుర్రాడికి మాత్రం రేడియోలు విప్పడం, బిగించడమే లోకం. అరమైలు దూరంలో ఒక స్నేహితుడి ఇల్లు ఉండేది. దారి పొడవునా పొలాలకు ముళ్ల కంచె. ఆ కంచె తీగనే వైరుగా వాడుకుని ఇద్దరి ఇళ్ల మధ్య టెలిగ్రాఫ్ నడిపేశారు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. టెలిగ్రాఫ్ ఒక్కరు ఆడే ఆట కాదు. అవతలి చివర కూడా అంతే పిచ్చి ఉన్నవాడు కూర్చోవాలి. షానన్‌కు మొదటి జోడీ అలా అరమైలు దూరంలోనే దొరికాడు.

నోటీసు బోర్డు మీద కార్డు

1936లో మిషిగన్ యూనివర్సిటీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్, గణితం రెండింట్లోనూ డిగ్రీలు పూర్తయ్యాయి. తర్వాతేంటి? మీకిప్పుడున్న ప్రశ్నే. ఒకరోజు నోటీసు బోర్డు మీద ఒక కార్డు కనిపించింది. ఎంఐటీలో డిఫరెన్షియల్ అనలైజర్ అనే భారీ లెక్కల యంత్రాన్ని నడపడానికి మనిషి కావాలట. అప్లై చేశారు, ఉద్యోగం వచ్చింది. వానెవర్ బుష్ దగ్గర పని.

ఆ యంత్రాన్ని అదుపు చేసే సర్క్యూట్‌లో వంద దాకా రిలేలు ఉండేవి. రిలే అంటే కరెంటుతో పనిచేసే స్విచ్. ఉంటే ఆన్, లేకపోతే ఆఫ్. మిషిగన్‌లో చదివిన బూలియన్ లాజిక్ కూడా అంతే కదా, నిజం లేదా అబద్ధం! రెండూ ఒకటేనని ఆయనకు తట్టింది. 1937లో 21 ఏళ్లకు రాసిన మాస్టర్స్ థీసిస్ అదే. డిజిటల్ సర్క్యూట్ల డిజైన్‌కు పునాది అక్కడ పడింది. 1941లో బెల్ ల్యాబ్స్‌లో చేరారు. 1948లో సమాచారాన్ని బిట్లలో కొలిచే సిద్ధాంతాన్ని ప్రచురించారు. మీ ఫోన్‌లో వీడియో ఆగకుండా ఆడుతోందంటే దాని వెనక ఆ లెక్కలున్నాయి.

అంత పేరొచ్చాక మనిషి ఏం చేశారనుకున్నారు? ఇంట్లో కూర్చుని ఎలుక బొమ్మ చేశారు!

వైరింగ్ చేసిన చేతులు బెట్టీవి

1949లో షానన్‌కు బెట్టీతో పెళ్లయింది. ఆమె కూడా బెల్ ల్యాబ్స్‌లోనే లెక్కల విభాగంలో పనిచేసేవారు. జాన్ పియర్స్‌తో కలిసి సంగీతాన్ని యాదృచ్ఛిక పద్ధతిలో కూర్చడంపై ఒక టెక్నికల్ పత్రం కూడా రాశారు. భర్తకు బహుమతిగా లోహపు ముక్కలతో యంత్రాలు బిగించుకునే ఎరెక్టర్ సెట్ కొనిపెట్టిందీ ఆవిడే. పెద్దాయనకు పిల్లల బొమ్మలేంటని అడగలేదు.

1950లో తయారైన ఎలుక పేరు థీసియస్. 25 గళ్ల చిట్టడవి, గళ్ల మధ్య ఎటు కావాలంటే అటు మార్చుకునే గోడలు. ఎలుక గోడకు తగులుతూ, వెనక్కి తిరుగుతూ చివరికి గమ్యం చేరుతుంది. మళ్లీ వదిలితే తప్పటడుగు లేకుండా నేరుగా వెళ్లిపోతుంది. గోడలు మారిస్తే కొత్త దారి నేర్చుకుంటుంది. అసలు గుట్టు ఎలుకలో లేదు, కింద ఉంది. బల్ల అడుగున 75 దాకా రిలేలు దారిని గుర్తుపెట్టుకుంటాయి. వాటి అదుపులో తిరిగే అయస్కాంతం పైనున్న ఎలుకను లాగుతుంది. ఇప్పుడు టెక్ ఫెస్టుల్లో మీరు చూసే మైక్రోమౌస్ పోటీలకు ఇదే తాతయ్య అనుకోండి.

ఆ రిలేలను వైర్లతో కలిపే పనిలో బెట్టీ చేయి చాలా ఉంది. కానీ ఫొటోల్లో, వార్తల్లో ఎలుక పక్కన షానన్ ఒక్కరే కనిపించారు. ఈ ముక్క గుర్తుంచుకోండి. ప్రాజెక్టులో మీ జోడీ చేసిన పనికి ఆ పేరే రాయాలి. రెజ్యూమెలో, డెమోలో, ఇంటర్వ్యూలో కూడా! అలా రాయకపోతే మీ తర్వాతి ప్రాజెక్టుకు ఎవరూ రారు.

పోటీ పడినవాడూ జోడీయే

బెల్ ల్యాబ్స్‌లో డేవిడ్ హాగెల్‌బార్గర్ అనే ఇంజినీర్ ఒక యంత్రం చేశారు. మీరు బొమ్మా, బొరుసా అని మనసులో అనుకుంటే అది ముందే ఊహిస్తుంది. మనుషులు ఎంత ప్రయత్నించినా పూర్తి యాదృచ్ఛికంగా ఎంచుకోలేరు కాబట్టి వాళ్ల అలవాటును పట్టేస్తుంది. అది చూసి షానన్ ఊరుకోలేదు. ఇంకా తక్కువ భాగాలతో, చిన్నగా మరొకటి చేశారు. రెండింటికీ పోటీ పెట్టాలంటే మధ్యలో అంపైర్ కావాలి కదా! అందుకోసం మూడో యంత్రం తయారైంది. షానన్ చేసిన చిన్నదే గెలిచింది.

మరోసారి మార్విన్ మిన్స్కీకి ఒక తుంటరి ఆలోచన వచ్చింది. స్విచ్ వేస్తే తనను తానే ఆపేసుకునే పెట్టె. ఆలోచన ఆయనది, తయారుచేసింది షానన్. స్విచ్ వేయగానే మూత తెరుచుకుంటుంది, ఒక చేయి బయటికొచ్చి స్విచ్ ఆపేసి లోపలికి వెళ్లిపోతుంది. అంతే, ఇంకేం చేయదు! జోడీ అంటే రోజూ పక్కన కూర్చునేవారే కానక్కర్లేదు. ఒకరి ఐడియా, ఒకరి స్క్రూడ్రైవర్ కూడా జోడీయే.

కాసేపు మాట్లాడదామని వెళ్లి..

1960 నవంబరు. షానన్ అప్పటికే ఎంఐటీ ప్రొఫెసర్. ఎడ్వర్డ్ థార్ప్ అనే కుర్ర గణిత లెక్చరర్ ఆయన్ని కలవడానికి వచ్చారు. పేకాటలో ట్వెంటీవన్ ఆటపై రాసిన పేపర్‌ను ప్రచురణకు సిఫార్సు చేయమని అడగడమే పని. దొరికిన సమయం కొన్ని నిమిషాలే. పేపర్ సంగతి తేలాక, ఇంకా ఏమేం చేస్తున్నావన్న మాట వచ్చింది. రూలెట్ చక్రంలో బంతి ఎక్కడ పడుతుందో భౌతికశాస్త్రంతో చెప్పొచ్చని థార్ప్ నమ్మకం. అప్పటికే ఒక చిన్న చక్రం తెచ్చి, ఫిల్మ్ తీసి, లెక్కలు వేసి ఉన్నారు. అది వినగానే పెద్దాయన కళ్లు మెరిశాయి. నిమిషాలు గంటలయ్యాయి.

థార్ప్ ఆసక్తి ఉందని మాత్రమే చెప్పలేదు. చేసిన పని చూపించారు. ఏడాది వయసు బొమ్మైనా సరే, చేతిలో ఏదో ఒకటి ఉన్నవాడికే జోడీ త్వరగా దొరుకుతుంది.

1,500 డాలర్లు పెట్టి రీనో నుంచి అసలైన రూలెట్ చక్రాన్ని తెప్పించారు. పరికరాలతో నిండిన షానన్ ఇంటి సెల్లారే ల్యాబ్. 1961 జూన్ నాటికి సిగరెట్ పెట్టెంత కంప్యూటర్ తయారైంది. అందులో 12 ట్రాన్సిస్టర్లు. బూటులో కాలి బొటనవేలి కింద స్విచ్. చక్రం, బంతి ఒక గుర్తును దాటినప్పుడల్లా నొక్కాలి. కంప్యూటర్ లెక్కేసి, చక్రాన్ని 8 భాగాలు చేసి, బంతి పడే భాగాన్ని రేడియో ద్వారా ఒక స్వరంగా పందెం కాసేవారి చెవికి పంపుతుంది. ఒంటి మీద ధరించే తొలి కంప్యూటర్‌గా దీన్నే చెబుతారు.

లాస్ వెగాస్‌లో తెగిన తీగ

ఆ వేసవిలో నలుగురూ లాస్ వెగాస్ వెళ్లారు. పనులు పంచుకున్నారు. షానన్ చక్రం పక్కన నిలబడి కాలితో టైమింగ్ ఇస్తారు. థార్ప్ దూరంగా కూర్చుని పందెం కాస్తారు. బెట్టీ, థార్ప్ భార్య వివియన్ చుట్టుపక్కల ఎవరైనా గమనిస్తున్నారేమో చూస్తారు. లెక్క ప్రకారం పందెం మీద 44 శాతం లాభం రావాలి. ఊహలు సరిగ్గానే పనిచేశాయి. కానీ చెవిలోని స్పీకర్‌కు వెళ్లే తీగ వెంట్రుకంత సన్నం. అస్తమానం తెగిపోయేది. చిల్లర పందేలు దాటకుండానే ఆట ముగిసింది.

డబ్బు రాలేదు. 1966 దాకా ఈ సంగతి బయటికీ చెప్పలేదు. 1985లో నెవాడా రాష్ట్రం ఇలాంటి పరికరాలను కాసినోల్లో నిషేధించింది. మన తెలుగు రాష్ట్రాల్లో జూదమే నేరం కాబట్టి పందెం సంగతి వదిలేయండి. పట్టుకోవాల్సింది, ఒక గణిత లెక్చరర్, ఒక సర్క్యూట్ల మాంత్రికుడు కలిస్తే ఎనిమిది నెలల్లో అంతకుముందు లేని వస్తువు పుట్టిందన్నది. ఒక్కరైతే ఫిల్మ్, లెక్కల దగ్గరే ఆగిపోయేది.

షానన్ చివరి ఏళ్లు అల్జీమర్స్‌తో గడిచాయి. 2001 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఆయన చేసిన బొమ్మల్లో కొన్ని ఇప్పుడు ఎంఐటీ మ్యూజియంలో ఉన్నాయి.

ఇక మీ వంతు

మంచం కింది డబ్బా బయటికి తీయండి. ఒక్క ఎల్ఈడీ వెలిగినా చాలు, 30 సెకన్ల వీడియో తీయండి. మీకు ఏం వచ్చు, ఏం రాదు అన్నది రెండు వాక్యాల్లో రాసి డిపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీద పెట్టండి. మీలాంటి వారినే వెతక్కండి. మీకు కోడింగ్ వస్తే మెకానికల్ వాళ్ల దగ్గరికి వెళ్లండి, ఊళ్లో టీవీ రిపేర్ చేసే అన్నను అడగండి. మొదటి పని చిన్నదిగా ఉండనివ్వండి, రెండు వారాల్లో పూర్తయ్యేది. ఖర్చు, పేర్లు, వస్తువు ఎవరి దగ్గరుంటుంది అనేవి ముందే మాట్లాడుకోండి. కౌంట్‌డౌన్ నంబర్లు, వైర్లు కనిపించే పెట్టెను బస్సులోనో, రైల్వే స్టేషన్‌కో పట్టుకెళ్లకండి. అది ఆట వస్తువని పోలీసులకు చెప్పేసరికి తల ప్రాణం తోకకొస్తుంది.

ఇంటర్వ్యూలో ప్రాజెక్టు గురించి అడిగితే, బోర్డు పేరుతో మొదలుపెట్టకండి. తీగ ఎక్కడ తెగింది, ఎవరు పట్టుకున్నారు, ఇద్దరూ కలిసి ఎలా అతికించారో చెప్పండి. టీంలో పనిచేయగలరా అన్న ప్రశ్న ఇక అడగక్కర్లేదు.