నురుగు గూడు: పియేర్ కార్బోన్యే చరిత్ర

పక్షి గూడు కట్టుకొనుట మనకు వింత కాదు. గిజిగాని గూటిని చూడని పల్లెబాలుడు ఉండడు. కాని చేప గూడు కడుతుందని, అందునా తండ్రి చేప కడుతుందని, ఆ గూడు నురుగుతో కట్టినదని చెబితే నమ్మేవారు తక్కువ. ఈ వింతను గాజుతొట్టిలో కళ్లారా చూచి, ఐరోపా పండితలోకానికి తెలియజెప్పినవాడు పియేర్ కార్బోన్యే.

ఆయన 1828లో ఫ్రాన్సు దేశమందలి బెర్జెరాక్ పట్టణంలో జన్మించాడు. పారిసు నగరంలో చేపల పెంపకాన్నే జీవనవృత్తిగా స్వీకరించి, 1864లో పెంపకందారులకు ఉపకరించే ఒక కరదీపికను ప్రకటించాడు.

1869లో చైనా నుండి కొన్ని రంగుల చేపలు ఆయన చేతికి వచ్చాయి. వీటినే నేడు స్వర్గమత్స్యాలు అంటున్నారు. అంతకుముందు ఐరోపా ఇండ్లలో పెరిగిన విదేశీ అలంకార మత్స్యం బంగారుచేప ఒక్కటే అని చెప్పవచ్చు. కొత్త చేపల అలవాట్లు చెప్పేవారు లేరు. అవి నశిస్తే మళ్లీ తెప్పించుట సులభం కాదు. కార్బోన్యే తొందరపడి చేయి పెట్టక, తొట్టి ముందు కూర్చుండి కనిపెట్టి చూచాడు.

మగచేప నీటిపైకి వచ్చి గాలి పీల్చి, నోటిలోని జిగురుతో బుడగలు చేసి, వాటిని ఒకచోట చేర్చి తెప్పవలె కట్టింది. పిమ్మట నెమలి పురివిప్పినట్లు రెక్కలు విప్పి ఆడచేపను పిలిచింది. గుడ్లు వెలువడగానే వాటిని నోట కరచి గూటిలో ఉంచింది. ఆపై తల్లిని సైతం దరిచేరనీయక తరిమివేసింది. పిల్లలు వెలువడిన తరువాత జారిపడిన వాటిని మళ్లీ గూటికి చేర్చుతూ కావలి కాసింది. ఈ వృత్తాంతాన్ని ఆయన పారిసులోని విద్వత్పత్రికలో ప్రకటించగా, మహాశాస్త్రజ్ఞుడు డార్విన్ తన మానవావతరణ గ్రంథంలో దానిని ప్రమాణంగా స్వీకరించాడు. ఒక చేపల వర్తకునికి ఇంతకు మించిన గౌరవమేమున్నది!

1875లో ఆయన భారతదేశపు చేప నొకదానిని గురించి వ్రాశాడు. ఇంద్రధనుస్సు చేప అని ఆయన పేర్కొన్న అది గౌరామి కుటుంబంలోనిది. అదియు నురుగు గూడే కట్టింది. 1883లో ఆయన పారిసులో మరణించాడు.

ఈ కథలో మనకు సంబంధించిన విశేషమొకటి గలదు. ఆ కుటుంబానికే చెందిన చారల గౌరామి కోరమాండల్ తీరంలో కృష్ణానది వరకు కనిపిస్తుందని, మదరాసులో వైద్యుడుగా పనిచేసిన ఫ్రాన్సిస్ డే ఆ దశాబ్దంలోనే తన మత్స్యగ్రంథంలో నమోదు చేశాడు. అనగా పారిసు పండితులు అబ్బురపడిన కుటుంబంలోని చేప ఇబ్రహీంపట్నం పక్కన పారే నదిలో నివసించేదే. మనవారు దానిని ఎన్నిమార్లు గాలించి పారవేశారో!

ఉపాధ్యాయులు తలచుకొంటే బడిలోనే ఈ దృశ్యం చూపవచ్చు. ఒక గాజుతొట్టి, కదలని నీరు, కొద్దిగా నాచు చాలును. ఈ జాతి చేపలు నీటిపై గాలిని పీల్చి బ్రతుకుతాయి గనుక తొట్టిని అంచుదాక నింపరాదు. పిల్లలు స్వేచ్ఛగా ఈదనారంభించగానే తండ్రిని వేరుచేయాలి. లేకున్న అదే వాటిని మ్రింగవచ్చు. వాటికి తొలి ఆహారం నాచునీటిలోని సూక్ష్మజీవులు. మిగిలిన పరికరం ఓర్పు. కార్బోన్యేకు పేరు తెచ్చినది అదియే.